సిరలలోనికి దీపము

కిందటి మాసము ఈ పుటలయందు కాళ్ళపై ఉబ్బి మెలికలు తిరుగు నరములనుగూర్చి మేము నాలుగు మాటలు వ్రాసియుంటిమి. దానిపై వచ్చిన జాబులలో నొకటి మమ్ము చాల నాలోచింపజేసినది. గోదావరీతీరమునుండి యొక సోదరి వ్రాసిన జాబది. ఆమె యత్తగారి చీలమండకు పైగా నొక పుండు ఆరేండ్లనుండి మానక బాధించుచున్నదట. పూతలు మార్చిరి, కట్లు మార్చిరి, పథ్యము మార్చిరి, పుండుమాత్రము మారలేదు. ఇప్పుడొక వైద్యుడు “సిర లోపల నెక్కడ చెడినదో చూచి, చూచుచునే చికిత్స చేసెదము” అనినాడట. “నెత్తురు నిండిన గొట్టములో నేమి కనబడును? అందులోనికి చూపెట్లు దూరును? ఈ మాట నమ్మదగినదేనా?” అని యామె యడిగినది.

ప్రశ్న చక్కనిది. పెద్ద పెద్ద వైద్యులు సయితము ఈ ప్రశ్నతో చిరకాలము పెనగులాడిరి. కావున దీనికి ఒక్క వాక్యములో బదులు చెప్పి యూరకొనుట మాకిష్టము లేకపోయినది.

మొదట మాట తేటపడవలెను. మన యిండ్లలో “నరము” అను నొక్క మాటతోనే రెండు పనులు గడుపుకొనుచున్నాము. వేడి చల్లనలను మెదడునకు తెలుపు తంతువును నరమే యనుచున్నాము. నెత్తురు పారు గొట్టమును నరమే యనుచున్నాము. గుండెనుండి నెత్తురును వెలికి గొనిపోవునవి ధమనులు. తిరిగి గుండెకు చేర్చునవి సిరలు. కాలిపై నీలముగా నుబ్బి కనబడునవి సిరలే. సుశ్రుతసంహిత శారీరస్థానమున సిరలు ఏడు వందలని లెక్క చెప్పబడినది. తోటకును పొలమునకును కాలువలెట్లో దేహమునకు సిరలట్లని యచ్చటి పోలిక. ఆ యాచార్యుడు శిష్యుని గ్రంథపాఠముతో విడిచిపెట్టలేదు. శవమును తట్టలో నుంచి పారు నీటిలో నాననిచ్చి, మెత్తబడిన పిదప చర్మము మొదలుగా నొక్కొక్క పొరను తొలగించుచు కన్నులార చూడుమని విధించెను. కాని యది ప్రాణము పోయిన దేహము. బ్రతికియున్న మనిషి సిరలో నెత్తురు పారుచుండగా లోపల నేమి జరుగుచున్నదో చూచుట వేరు సంగతి.

సిరలలోపల చిన్న చిన్న తలుపులున్నవని స్పష్టముగా చూపినవాడు ఇటలీదేశమున పాదువా నగరమందలి ఫాబ్రిసియస్ అను శరీరశాస్త్రజ్ఞుడు. 1574లో చూచి, 1603లో గ్రంథముగా ప్రకటించెను. తలుపులను చూచెను గాని వాని పని యేమో యతడు సరిగా గ్రహింపలేదు. నెత్తురు వేగముగా క్రిందికి దిగి కాళ్ళలో నిండిపోకుండ నవి యడ్డుపడుచున్నవని తలచెను. అతని యొద్ద చదువుకొనిన విలియం హార్వే యను నాంగ్లేయుడు 1628లో నసలు సంగతి లోకమునకు చెప్పెను: ఆ తలుపులు గుండెవైపునకే తెరచుకొనును, వెనుకకు తెరచుకొనవు.

హార్వే చూపిన పరీక్షను మన మింటిలోనే చూడవచ్చును. చేతిని కొంతసేపు క్రిందికి వ్రేలాడదీసినచో ముంజేతి సిరలు తేలును. ఒక సిరపై నొక వ్రేలితో అదిమిపట్టి, రెండవ వ్రేలితో నచటినుండి మోచేతివైపు నెత్తురును తుడిచినట్లు నెట్టి, ఆ రెండవ వ్రేలు తీయవలెను. ఆ దారిలో తలుపున్నచో, తలుపువరకు గల తునక ఖాళీగానే యుండును. క్రింది వ్రేలు తీయగనే చప్పున నిండును. మేము మా పిల్లలకు దీనిని చూపగా, వారు ఆ సాయంకాలమంతయు నొకరి చేయి నొకరు విడువలేదు.

ఇక కాలి సంగతి. మనము నిలుచున్నప్పుడు పాదమునందలి నెత్తురు గుండెవరకు నిట్టనిలువుగా ఎక్కవలెను. ఏతము త్రొక్కినప్పుడు నీరెట్లు పైకి లేచునో, అట్లే నడచునప్పుడు పిక్కకండ బిగిసి సిరలను పిండగా నెత్తురు పైకి లేచును. కండ వదలగనే తలుపులు మూసికొని జారనీయవు. కదలక నిలుచున్నప్పుడు చీలమండకడ సిరలోని ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసమంత యుండును. నడచునప్పుడు అది 30కి లోబడును. తలుపులు చెడినవారికి నడచినను ఒత్తిడి తగినంత తగ్గదు. నెత్తురు పైనుండి వెనుకకు జారి జారి సిరను సాగదీయును. పిమ్మట కాలు బరువెక్కును, సాయంకాలమునకు వాచును. చీలమండ లోపలివైపు చర్మము నల్లబడి, గట్టిపడి, దురదపెట్టి, తుదకు చిన్న దెబ్బకే పుండుపడును. ఆ పుండునకు మూలము పుండులో లేదు, దానికి పైనున్న సిరలో నున్నది. ఆరేండ్లు పైపూత మార్చుచు నుండుటచే మూలము తొలగునా?

పుట్టుకతో వచ్చిన బలహీనత, వయస్సు, స్థూలకాయము, పలు కాన్పులు, గంటలతరబడి నిలిచి చేయు పని ఇవన్నియు దీనికి తోడ్పడును. మా యింటివారు నల్లబల్లయొద్ద దినమెల్ల నిలుచువారే. తమ కాలు నొచ్చినచో నింటిల్లిపాదికిని వినబడునట్లు చెప్పుదురు. స్త్రీలమట్లు కాదు. కుచ్చెళ్ళు పాదములవరకు దిగియుండును గనుక లోపలి సంగతి పదేండ్లు దాచినను దాగును. పుండు చీమువాసన వచ్చునంతవరకు భర్తకుగాని కూతురునకుగాని చూపని యిల్లాండ్రను మేము మా వీథిలోనే యిద్దరి నెరుగుదుము.

పూర్వపు శస్త్రవైద్యులు చెడిన తలుపెక్కడనో చేతితో తడవి, కాలికి పట్టీ బిగించి విప్పి, సిర నిండు తీరునుబట్టి ఊహించెడివారు. ట్రెండెలెన్‌బర్గ్ అను జర్మను వైద్యుడు ఇట్టి పరీక్షనే యనుసరించి, 1890 ప్రాంతమున తొడవద్ద సిరను ముడివేయుట ప్రచారమునకు తెచ్చెను. ఊహ మంచిదైనప్పుడు ఫలితమును మంచిదే. కాని లోపల చూడవలెనను కోరిక తీరలేదు.

దేహములోనికి వెలుగును పంపు ప్రయత్నము అంతకుముందే మొదలైనది. ఫ్రాంక్‌ఫర్టు నగర వైద్యుడు ఫిలిప్ బొజ్జీని 1806లో నొక పరికరమును చూపెను. అందులో మైనపువత్తి వెలుగును అద్దము ప్రతిఫలింపజేసి గొట్టముద్వారా దేహరంధ్రములలోనికి పంపును. మూడేండ్లకే ఆయన జ్వరముచే మరణించెను. సిరవంటి సన్నని దారిలోనికి ఆ దీపము పోజాలదు. అయినను నేటి ఎండోస్కోపుల కన్నిటికిని అదియే పెద్దమ్మ.

సిరలో ప్రవేశించు సాహసము మరియొకరిది. 1929లో జర్మనీయందు ఎబర్స్‌వాల్డే యను పట్టణపు ఆసుపత్రిలో, 25 ఏండ్లు నిండీ నిండని వెర్నర్ ఫోర్స్‌మన్ అను వైద్యుడు, మోచేతి సిరగుండ సన్నని గొట్టమును గుండెవరకు పంపవచ్చునని పట్టుబట్టెను. పై వైద్యుడు వలదనెను. పరికరములు గెర్డా డిట్జెన్ అను నర్సు చేతిలో నుండెను. ఆమె అతని మాటలు విని, “ఆ పరీక్ష నాపైననే చేయుడు” అనెను. అతడు ఆమెను బల్లపై పరుండబెట్టి కట్లు బిగించి, ఆమెకు తెలియకుండ తన యెడమచేతి సిరలోనే గొట్టమును దూర్చుకొనెను. సంగతి తెలిసి యామె మండిపడినను, కట్లు విప్పగానే అతనితోకూడ ఎక్స్‌రే గదికి దిగివచ్చి, తెరపైని నీడ అతనికి కనబడునట్లు అద్దము పట్టుకొని నిలిచినది. 65 సెంటీమీటర్ల గొట్టము లోపలికి పోయెను, గుండె చేరెను. 1956లో అతనికి మరి యిద్దరితోకూడ నోబెల్ బహుమానము వచ్చినది. అద్దము పట్టిన చేతికేమి వచ్చినదో ఎవరును వ్రాయలేదు.

ఫోర్స్‌మన్ చూచినది నీడ. సిరలోనికి మందు రంగును పంపి ఎక్స్‌రే తీయుటయు నీడను చూచుటయే. లోపలి గోడ రంగేమి, తలుపు అంచు చినిగినదా సాగినదా, గడ్డకట్టిన నెత్తురు క్రొత్తదా ప్రాతదా అనునది నీడ చెప్పజాలదు. వంగు దీపము కావలసివచ్చెను. అది గాజునుండి వచ్చినది. వెండ్రుకవలె సాగదీసిన గాజుపోగులో ఒక కొన ప్రవేశించిన వెలుగు, పోగు వంగినను బయటికి పోక రెండవ కొనకు చేరును. ఇట్టి పోగులు వేలకొలది వరుస తప్పకుండ కట్టినచో బొమ్మయే వంగిన దారిని నడచివచ్చును. 1954లో లండనులో హెరాల్డ్ హాప్కిన్స్‌తోకూడ దీనిని ప్రకటించినవాడు మన దేశమువాడే, పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. ఆయన 2020లో కాలధర్మము నొందగా, 2021లో మన ప్రభుత్వము పద్మవిభూషణ్ బిరుదము ప్రకటించినది. 1957లో అమెరికాయందు బాసిల్ హిర్షోవిట్జ్ గాజుపోగుల గొట్టమును తన గొంతులోనికే దింపుకొని పరీక్షించెను.

కడుపులో దీపము వెలిగినది. సిరలో వెలుగవలెనన్నచో అడ్డము నెత్తురు. కడుపును గాలితో నింపి విప్పవచ్చును; సిరను గాలితో నింపినచో ప్రాణమునకే మోసము. నెత్తురుచుక్క అద్దముపై పడినంతనే కన్ను ఎర్రబారి ఏమియు తోచదు. దీనికి వైద్యులు కనిపెట్టిన యుపాయము మనము బురదనీటిలో జారిన ఉంగరమును వెదకునప్పుడు చేయునట్టిదే. పైనుండి వచ్చు నెత్తురును కాసేపు ఆపి, పరిశుద్ధమైన ఉప్పునీటిని గొట్టపు కొననుండి వెలువరింతురు. ఆ నీరు నెత్తురును ప్రక్కకు త్రోసి కొన్ని క్షణములు తేటగా నిలుచును. ఆ క్షణములలోనే చూడవలెను. నీరెక్కువ పోసినచో గుండెకు భారము. మూత్రపిండములు, గుండె బలహీనములైనవారికి మరియు జాగ్రత్త కావలెను. ఇట్లు చూచు గొట్టమునకు ఆంజియోస్కోపు అని పేరు. లావు రెండు మూడు మిల్లీమీటర్లు. దానిలో సిర గోడ ముత్యపుచిప్ప లోపలివలె తెల్లగా నున్నగా నగపడును. తలుపులు పలుచని రెండు పొరలు, ఎదురెదురుగా, నీటి యూపునకు కదలుచుండును. ఫాబ్రిసియస్ శవములలో చూచిన తలుపులను బ్రతికిన మనిషిలో చూచుట యిది.

దీనివలన ముఖ్యప్రయోజనము మొదట విచిత్రమైన చోట కలిగినది. కాలి ధమని పూడి పాదమునకు నెత్తురు చాలక వ్రేళ్ళు నల్లబడు రోగులకు, వారి కాలిలోని పొడవైన సిరనే ధమనికి మారుగా నుపయోగింతురు. సిరను పెకలించి తలక్రిందులు చేసి కుట్టుట యొక పద్ధతి. ఉన్నచోటనే యుంచి రెండు కొనలు కలుపుట రెండవది. రెండవదానిని 1962లో నార్వేదేశపు ఆస్లోలో హాల్ అను వైద్యుడు ప్రకటించెను. చిక్కేమన, ఉన్నచోట నుంచిన సిరలో తలుపులు పైకే తెరచుకొనును, ఇప్పుడు నెత్తురు క్రిందికి పారవలెను. కనుక తలుపులన్నిటిని తెంపవలెను. సన్నని కత్తిని లోపలికి పంపి, చేతి యానునుబట్టి గ్రుడ్డిగా తెంపెడివారు. ఒక తలుపు మిగిలినను ప్రవాహ మాగును. కత్తి ప్రక్కకు పోయినచో గోడ చినుగును. ఆంజియోస్కోపు వచ్చిన పిమ్మట, 1980 తరువాతి యేండ్లలో, ప్రతి తలుపును చూచి తెంపి, తెగినదో లేదో మరల చూచుటకు వీలైనది.

దీనికి సరిగా వ్యతిరేకమైన పనియు కలదు. కాలి లోతు సిరలో సాగిన తలుపును కుట్టి బిగించు శస్త్రచికిత్సను 1968లో హోనలూలూ నగరమున రాబర్ట్ కిస్ట్నర్ మొదలిడెను. అందుకు సిరను చీల్చి తెరవవలసియుండెను. పిమ్మట 1990 తరువాత కొందరు వైద్యులు ఆంజియోస్కోపుతో లోపల చూచుచు, వెలుపలినుండియే కుట్టు వేసి, రెండు పొరలు కలియుచున్నవో లేదో అప్పటికప్పుడే సరిచూచిరి. ఒకచోట తలుపు తెంపుటకును ఇంకొకచోట తలుపు బాగుచేయుటకును పనికివచ్చినది ఒకే దీపము.

ఇంతవరకు చదివిన సోదరీమణులు తమ యుబ్బుసిరలకును ఈ దీపమే వాడుదురని తలపవచ్చును. సాధారణముగా వాడరు. అందుకు మేము చింతింపము. ఆ దీపము గొప్పదే, కాని నెత్తురు ఆపి నీరు పోసి చూచుటకంటె సుళువైన చూపు దొరకినది. కడుపుతో నున్నప్పుడు బిడ్డను చూపు అల్ట్రాసౌండును మనలో అనేకు లెరుగుదురు. ధ్వనికి నెత్తురు తెర కాదు. డాప్లర్ అను పద్ధతిచే నెత్తురు ఎటు పారుచున్నదో కూడ రంగులలో కనబడును. రోగిని నిలువబెట్టి, పిక్కను పిండి వదలినప్పుడు నెత్తురు వెనుకకు జారిన చోట చెడిన తలుపున్నదని తేలును. లోతు సిరలు తెరచియున్నవో పూడినవో కూడ చూతురు. పూడియున్నచో చికిత్స దారియే మారిపోవును.

చికిత్సయు ఆ చూపు నీడననే జరుగును. మోకాలిప్రాంతమున సూదిమొనవంటి రంధ్రమునుండి సన్నని తీగను చెడిన సిరలోనికి పంపి, దాని కొన తొడకు పైగా సరియైన చోటికి వచ్చినదని తెరపై చూతురు. మొద్దుబారజేయు ద్రవమును సిరచుట్టు నింపుదురు. అది నొప్పిని ఆపుటయే గాక, చర్మమునకు వేడి తగులకుండ కాపాడును. తరువాత లేజర్ వెలుగుచేతనో విద్యుత్తరంగముల వేడిచేతనో సిర గోడను ముడుచుకొనజేసి మూయుదురు. ఒక రకపు విద్యుత్తరంగ చికిత్సలో 7 సెంటీమీటర్ల తునకకు 20 సెకనులు 120 డిగ్రీల వేడి నిత్తురు. కొందరికి నురుగుమందో జిగురో వాడుదురు. రోగి ఆ దినమే నడచి యింటికి పోవును. సిరను మూసినచో నెత్తురెటు పోవునని మా వదినగారు అడిగినారు. కాలి నెత్తురులో అధికభాగము లోతు సిరలగుండనే పోవును గనుక చెడిన పైదారి మూతపడుట మేలే.

సిరలోపలికే ధ్వనిపరికరమును పంపు పద్ధతియు కలదు. కటిభాగమున ఎడమకాలి పెద్దసిరపై కుడికాలి ధమని అడ్డముగా పోవుచు కొందరిలో దానిని వెన్నెముకకు అదుమును. మే, థర్నర్ అను నిరువురు వైద్యులు 1957లో దీనిని వివరించిరి, స్త్రీలలో నెక్కువ. ఎడమకాలు మాత్రమే వాచుచున్న వారికి ఆ చోట చిన్న ధ్వనిగొట్టమును లోపల నడపి, ఎంత ఇరుకో కొలిచి, అవసరమైనచో లోహపు వలగొట్టము నమర్చుదురు. ఉప్పునీటితో కడుగ నక్కరలేదు.

కావున గోదావరీతీరపు సోదరి వినిన మాట నమ్మదగినదే. ఆ వైద్యుడు చెప్పినది బహుశః అల్ట్రాసౌండు చూపే. పుండున్నవారి సంగతిలో ఆలస్యము వలదనుటకు ఆధారమును కలదు. ఇంగ్లండున 450 మంది రోగులతో జరిగి 2018లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, ఒత్తిడి కట్టుతోకూడ సిరను వెంటనే మూసినవారి పుండ్లు నడిమి లెక్కన 56 దినములలో మానినవి. కట్టుమాత్రము కట్టి సిర పని వాయిదా వేసినవారికి 82 దినములు పట్టినది.

అయినను, “లోపల కెమెరా” అను ప్రకటన చూచినంతనే మురిసిపోవుట మాకు నచ్చదు. వైద్యుని మూడు మాట లడుగవలెను. నిలువబెట్టి డాప్లర్ పరీక్ష చేసినారా? లోతు సిరలు బాగున్నవా? మీరు చూచినదానివలన చేయబోవు చికిత్సలో మార్పేమి? మూడవదానికి జవాబు రానిచోట తొందరపడరాదు. గర్భిణులకు సామాన్యముగా ఈ చికిత్సను కాన్పు తరువాతికి వాయిదా వేయుదురు. ప్రసవమైన కొన్ని మాసములకు అనేకులకు వాపు తనంత తానే తగ్గును. కాని కాన్పు తరువాతి ఆరు వారములలో ఒక కాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొచ్చినను, ఊపిరి అందకపోయినను అది వేరు రోగము. లోతు సిరలో నెత్తురు గడ్డకట్టియుండవచ్చును. పసుపుపట్టు వేసి కూర్చుండక ఆ క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఉబ్బిన సిర పగిలి నెత్తురు చిమ్మినప్పుడు కంగారులో మనవారు రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి కాలు కడుగుదురు. అట్లు చేయరాదు, కాలు క్రిందికి వ్రేలాడినకొలది ఒత్తిడి పెరిగి నెత్తురు మరింత పోవును. వెంటనే పరుండబెట్టి, కాలిని గుండెకంటె ఎత్తుగా పట్టి, శుభ్రమైన గుడ్డ మడిచి పగిలిన చోటనే గట్టిగా అదిమి, పది నిమిషములవరకు ఎత్తి చూడకుండ పట్టియుండవలెను. పిదప కట్టు కట్టి వైద్యునికి చూపవలెను.

బిగువు మేజోళ్ళనుగూర్చి నలుగురు వ్రాసినారు. పాదమునకు నెత్తురు తెచ్చు ధమనులు సన్నబడినవారు, ముఖ్యముగా చక్కెరవ్యాధి గలవారు, వానిని వైద్యుని యడుగక తొడుగరాదు. తక్కిన సంగతులు వచ్చు మాసము వ్రాసెదము.